సూది, దారము, చిక్కుడు పందిరి

(స్త్రీల సమాజపు శతాబ్ది సభలో చేసిన ప్రసంగ పాఠము)



నాకు ఇచ్చిన అంశము "ఖాళీ వేళలో స్త్రీల చేతిపనులు". కార్డుమీద ఆ మాట చదివినప్పుడు నాకు కొంచెము నవ్వు, కొంచెము కోపము వచ్చినవి. అక్కలారా, మనలో ఎవరికి ఉన్నది ఖాళీ వేళ? మా అమ్మ బొంత కుట్టినది ఖాళీగా ఉండి కాదు. కార్తీకము దాటి చలి ముదిరేలోపల అయిదుగురు పిల్లలమీద కప్పడానికి ఏదో ఒకటి కావాలి, కొనడానికి చేతిలో పైస లేదు, అందుకని కుట్టింది. పగలు కూలికి పోయి వచ్చి, రాత్రి బుడ్డి దీపము దగ్గర కుట్టింది. మగవాడు రాత్రిపూట మంచానికి నులక అల్లితే దానిని పని అంటాము. ఆడది బొంత కుట్టితే మాత్రము ఖాళీగా ఉండి ఏదో చేసుకుంటున్నదంటాము. అధ్యక్షులవారు క్షమించవలెను, "ఖాళీ వేళ" అనే రెండు మాటలు తీసివేసి మిగిలిన అంశముమీద మాట్లాడుతాను.

అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయములో యొప్పేలోని దొర్కా కథ మనందరికి తెలిసినదే. ఎన్నోసార్లు విన్నాము. నేను మాత్రము ఒక్క సంగతి గమనించమంటాను. ఆమె నోటి మాట ఒక్కటికూడా అక్కడ వ్రాయబడలేదు. ఆమె ఏమి బోధించింది, ఎట్లా ప్రార్థించింది, ఏమీ లేదు. ఆమె చనిపోయిన తరువాత విధవరాండ్రు ఆమె కుట్టిన అంగీలను, వస్త్రములను తెచ్చి పేతురుకు చూపించారు, అంతే. గుడ్డలే ఆమె తరఫున మాట్లాడినవి. ఈ రోజు నేనుకూడా మూడు రకముల వస్తువులను గురించి చెపుతాను. ఊలు అల్లిక, బొంత, పెరటి కూరలు. మూడూ ఒకే పని అని నా అభిప్రాయము. ఎందుకో చెప్పుకుంటూ పోతాను.

1971లో నేను పాలమూరు జిల్లాలో ఒక ఆడపిల్లల బోర్డింగులో మేట్రనుగా చేరినాను. అప్పుడు నాకు ఇరవై మూడేండ్లు. 64 మంది పిల్లలు. వారిలో సగముకంటె ఎక్కువమంది తలిదండ్రులు దేశాలమీద పనికి పోయినవారు. "పాలమూరు లేబరు" అంటే దేశములో తెలియని కంట్రాక్టరు లేడు గదా. ఎక్కడ ఆనకట్ట కట్టినా, ఎక్కడ కాలువ తవ్వినా మనవాళ్ళ చేతులే. గుంపు మేస్త్రీ వచ్చి అడ్వాన్సు ఇచ్చి లారీ ఎక్కించుకొని పోయేవాడు. పిల్లలు బోర్డింగులో, ముసలివాళ్ళు ఊరిలో మిగిలేవారు.

బోర్డింగులో వారానికి రెండు రోజులు అల్లిక క్లాసు ఉండేది. మన ప్రాంతములో అది మిషను దొరసానులతో వచ్చిన విద్య. అప్పటి పాలమూరులో 1885లోను, నల్లగొండలో 1890లోను అమెరికన్ బాప్టిస్టు మిషనువారు స్టేషన్లు పెట్టినారు. మిషను బడులు, బోర్డింగులు వచ్చినచోట ఆడపిల్లలకు చదువుతోపాటు సూదిపని కూడ వచ్చింది. నాకు నేర్పినామె తన చిన్నప్పుడు ఒక దొరసాని దగ్గర నేర్చుకున్నది. దొరసాని నిట్, పర్ల్ అనేదట. మా వరకు వచ్చేసరికి అవి సీదా, ఉల్టా అయినవి. ఒక వరుస సీదా, ఒక వరుస ఉల్టా. సూదులు అందరికి చాలకపోతే సైకిలు పుల్లలు తెచ్చి, రాతిమీద కొనలు గుండ్రముగా అరగదీసి పిల్లలకు ఇచ్చేదానిని. పాత స్వెట్టరు విప్పి, ఊలును పీటకు చుట్టి, వేడినీళ్ళ ఆవిరి పట్టించి, ముడుతలు పోయినాక మళ్ళీ అల్లించేదానిని. ఒకే ఊలు మూడు స్వెట్టర్లయి, చివరకు మేజోళ్ళయినది నాకు తెలుసు.

ఎండకు రాళ్ళు పగిలే పాలమూరులో స్వెట్టర్లు ఎందుకని అప్పుడుకూడ అడిగేవారు. న్యాయమైన ప్రశ్నే. మనకు ఊలు కొత్త కాదు. మన కురుమవారి నల్ల గొర్రెల బొచ్చు ఉన్నది, ఆడవారు వడికిన నూలు ఉన్నది, చింతగింజల గంజి పెట్టి నేసిన గొంగడి ఉన్నది. వానకు, చలికి, ఎండకు, చివరకు గింజలు ఆరబోయడానికికూడ గొంగడే. ఒకసారి నాకు బుద్ధి పుట్టి ఆ గొర్రె ఊలుతోనే ఒక పిల్లకు స్వెట్టరు అల్లించినాను. ఆ పిల్ల రెండు రోజులు వేసుకొని, మూడో రోజు మెడంతా గీరుకొని వచ్చి, "మేడమ్, ఇది గుచ్చుతున్నది" అన్నది. నేసి, తడిపి, తొక్కి గట్టిపరచిన గొంగడికి సరిపోయే బొచ్చు చిన్నపిల్ల మెడకు సరిపోదు. ఆ స్వెట్టరు విప్పి తలుపు దగ్గర కాళ్ళు తుడుచుకునే పట్ట చేసినాము. చాలా ఏండ్లు ఉన్నది.

అయినా అల్లిక మన ఎండదేశములో పనికిరానిది కాదు. దాని అసలు స్థలము పుట్టిన బిడ్డ తల. అప్పుడే పుట్టిన బిడ్డ తల ఒంటితో పోలిస్తే పెద్దది. అందులోనుండి వేడి తొందరగా పోతుంది. బరువు తక్కువగా పుట్టిన బిడ్డ అయితే ఏప్రిల్ నెలలోకూడ చల్లబడిపోగలదు. అందుకే వైద్యులు బిడ్డను తుడిచి, తల్లి రొమ్ముకు ఆనించి పడుకోబెట్టి, తలకు టోపీ పెట్టమంటారు. ఒక చిన్న టోపీకి ఊలు ఒక ఉండకూడా పట్టదు. అలవాటైన చేతికి ఒక సాయంత్రము పని. మీలో సీదా, ఉల్టా వచ్చినవారు స్వెట్టర్లు మానుకొని టోపీలు అల్లండి అని నేను ఎప్పుడూ చెప్పే మాట. ఒక్క సంగతి, ఊలు మెత్తనిది చూసుకోండి, టోపీకి పూసలు, బొత్తాలు, పొడుగు దారాలు పెట్టకండి. అందము కోసము పెట్టినది బిడ్డ నోటిలోకి పోతుంది.

ఇక బొంత. ఇక్కడ నేను నా తప్పు ఒకటి చెప్పుకోవలె. ఇన్ని ఏండ్లలో సభలో ఎప్పుడూ చెప్పలేదు.

1972లో కరువు మీకు, మీకు కాకపోతే మీ తల్లులకు జ్ఞాపకము ఉంటుంది. బావులు ఎండినవి. ఆ ఏడు వలస ఇంకా ముందుగా మొదలయింది. బోర్డింగులో చేరే ప్రతి పిల్లా ఒక రేకు పెట్టె, ఒక పళ్ళెము, ఒక బొంత తెచ్చుకునేది. రాత్రిపూట పొడవాటి గదిలో 64 బొంతలు పరచినప్పుడు చూస్తే పూల మడి లాగ ఉండేది. అయితే ఆ చలికాలములో నల్లులు పడినవి. పిల్లలు రాత్రంతా గోకుకొనేవారు, క్లాసులో నిద్రపోయేవారు. బొంతలన్నీ గుండిగలో సోడా వేసి ఉడకబెట్టాలని నిర్ణయము అయినది. ఆ నిర్ణయము పైవారిదే అయినా, ఆ మాట మొదట ఎత్తినది నేనే. పుస్తకములో చదివినాను, వేడినీటికి నల్లులు చస్తాయని. అది అబద్ధము కాదు, నల్లులు చచ్చినవి.

కొత్త బొంతలు బాగానే వచ్చినవి. పాతవి కొన్ని విడిపోయినవి. ఒక పిల్ల బొంత, అప్పుడు ఆమెకు పదేండ్లు ఉంటాయి, గుండిగలోనుండి కర్రతో ఎత్తుతుంటే పేలికలు పేలికలుగా ఊడి వచ్చింది. అయ్యో పాత గుడ్డ అని నేను అనుకున్నాను. ఆ పిల్ల ఏడవలేదు, నన్ను ఏమీ అనలేదు. ఆ పేలికలన్నీ ఒక్కొక్కటే ఏరి, పిండి, బోర్డింగు వెనుక ఉన్న చిక్కుడు పందిరిమీద ఆరవేసింది. సాయంత్రము వంట చేసే ఆమె నాతో చెప్పింది, ఆ బొంత కుట్టిన తల్లి ముందటి ఏడు కాలువ పని దగ్గర జ్వరముతో చనిపోయినదని.

ఆ రాత్రి మిషను పెట్టెలోనుండి మంచి కొత్త దుప్పటి ఒకటి తీసి ఆ పిల్లకు ఇచ్చినాను. మడత విప్పకుండా తల కింద పెట్టుకొని, ఒంటిమీద ఏమీ లేకుండా పడుకున్నది.

ఆదివారము ఆ పిల్ల నాయనమ్మ చూడవచ్చింది. కొంగున చిక్కుడుకాయలు కట్టుకొని పది మైళ్ళు నడిచి వచ్చింది. పందిరిమీద పేలికలు చూసింది. నా దగ్గరికి వచ్చి, "టీచరమ్మా, బొంతను ఎవ్వరన్న ఉడకవెడ్తరా? ఎండకు వెయ్యాలె, యాపాకు వెయ్యాలె గని" అన్నది. అంతకంటె ఒక్క మాట ఎక్కువ అనలేదు. చెంగున మూట విప్పి చిక్కుడుకాయలు వంటింటి గుమ్మములో పోసి, మనుమరాలి పక్కన కూర్చొని ఆ గుడ్డలు విడదీయడము మొదలుపెట్టింది. నేనూ పోయి కూర్చున్నాను. ఏమి చేయాలో తెలియక కూర్చున్నాను.

అప్పుడు చూసినాను బొంత లోపల ఏమి ఉంటుందో. పైన తల్లి పెండ్లి చీర, నారాయణపేట అంచుది, వెలిసిపోయినది. దాని కింద తండ్రి ధోవతి. దాని కింద బడిలో పిల్లలకు ఉప్మా చేయడానికి కేర్ సంస్థవారి గోధుమ రవ్వ వచ్చేది గదా, ఆ సంచి గుడ్డ, అక్షరాలు సగము కనిపిస్తూ ఉన్నవి. దాని కింద ఇంకా పాత బొంత ఒకటి, ఆ ముసలమ్మ కుట్టినదే. దాని లోపల ఎవరి గుడ్డలో ఆమెకే జ్ఞాపకము లేదు. బొంతను పారవేయరు, దానిమీద ఇంకొకటి వేసి కుట్టుతారు. అంటే ఆ పిల్ల కప్పుకున్నది తల్లినొక్కతెనే కాదు.

ఆ ముసలమ్మ నాలుగు ఆదివారములు వచ్చింది. నేను నా పాత చీర ఒకటి, వంటామె ఒకటి ఇచ్చినాము. చిరిగిన ముక్కలలో నిలిచినవి ఏరి పైన వేసినాము. నేలమీద చీర పరచి, పొరలు సరిచేసి, నాలుగు మూలలా రాళ్ళు పెట్టి, అంచునుండి మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ మధ్యకు రావాలి. మధ్యనుండి మొదలుపెడితే గుడ్డ అంచుకు తోసుకొని వచ్చి గుబ్బ కడుతుంది. కుట్టు పొడుగుగా ఉంటే పిల్లల కాలి వ్రేళ్ళు తగులుకొని తెగిపోతుంది. దారము బజారుది కాదు, పాత చీర అంచులోనుండి లాగిన నూలు, రెండు పోగులు పెనవేసి. మొదటి ఆదివారము నన్ను "టీచరమ్మా" అన్నది. మూడవ ఆదివారము నా కుట్టు చూసి, "గట్ల గాదు బిడ్డా, సూది పండవెట్టు" అన్నది. ట్రెయినింగులో నాకు చేతిపనికి మంచి మార్కులు వచ్చినవి. బొంత కుట్టడము మాత్రము ఆ ముసలమ్మ దగ్గరే నేర్చుకున్నాను.

ఇది మన ఊరి సంగతే కాదు. మెనొనైట్ సంఘముల స్త్రీలు అమెరికాలో, కెనడాలో కూర్చొని గుడ్డ ముక్కలు కలిపి దుప్పట్లు కుట్టి, వారి సెంట్రల్ కమిటీ ద్వారా కష్టములో ఉన్న దేశములకు పంపుతారు. ఆ కమిటీ 1920లో మొదలైనది. వారి పద్ధతి వేరు. పైన ముక్కల గుడ్డ, మధ్యన దూది వంటి పొర, కింద ఒక గుడ్డ, ఈ మూడింటిని అక్కడక్కడ దారముతో ముడి వేస్తారు. తొందరగా అవుతుంది, మెత్తగా ఉంటుంది. మనదానికి వేరే దూది లేదు. గుడ్డే దూది, కుట్టే బలము. అమెరికాలోనే అలబామా రాష్ట్రములో జీస్ బెండ్ అని నది వంపులో ఒక పల్లె. ఒకప్పుడు బానిసలుగా పత్తి చేలలో పనిచేసినవారి సంతతి అక్కడ ఉన్నారు. అక్కడి నల్లజాతి స్త్రీలు పొలములో వేసుకొని చిరిగిన పని బట్టలతో బొంతలు కుట్టుకున్నారు. ఒకామె 1942లో భర్త చనిపోతే అతని పని బట్టలన్నీ కోసి బొంత చేసుకొని కప్పుకున్నది. 2002లో హూస్టను నగరములో పెద్ద చిత్రశాలవారు ఆ పల్లె బొంతలను గోడలకు వ్రేలాడదీసి ప్రదర్శించారు. 2006లో అమెరికా ప్రభుత్వము వాటి బొమ్మలతో తపాలా బిళ్ళలు వేసింది. మా మనుమరాలు ఫోనులో ఆ బొమ్మలు చూపిస్తే నాకు వెంటనే ఆ పొడవాటి గది, 64 బొంతలు కండ్లముందు నిలిచినవి. మనవి గోడకు ఎక్కలేదు, గుండిగలోకి ఎక్కినవి.

ఇప్పుడు బొంత కుట్టేవారు తగ్గిపోయినారు. కారణము సోమరితనము అని కొందరు పెద్దలు అంటారు. నేను ఒప్పుకోను. బొంతకు కావలసినది కట్టి కట్టి మెత్తబడిన నూలు చీర. నైలాను, పాలిస్టరు చీరలు వచ్చినాక ఆ గుడ్డ ఇంట్లో లేదు. పాలిస్టరు చిరగదు, మెత్తబడదు, చెమట పీల్చదు. ఉన్న నాలుగు నూలు చీరలు స్టీలు గిన్నెలవాడు గంపలో వేసుకొని పోయినాడు. నేనూ వేసినాను. మా అత్తగారి చీరలు మూడు ఇచ్చి ఒక టిఫిను డబ్బా తీసుకున్నాను. డబ్బా ఇప్పటికీ ఉన్నది, మూత వదులయినది. తరువాత షోలాపూరు దుప్పట్లు చవకగా వచ్చినవి. వలసపోయేవారి మూటలలో మాత్రము చాలాకాలము బొంతే ఉన్నది. గుడిసెలో నేల చెమ్మకు షోలాపూరు దుప్పటి ఆగదు మరి.

దేవరకొండ వైపున్న అక్కలకు ఇంకొకటి చెప్పాలి. మీ చుట్టు ఉన్న లంబాడా తండాలలో ముసలివారి రవికెలు, లంగాలు చూడండి. ముక్కమీద ముక్క, అద్దము, గవ్వ. అది మన బొంతకు అక్క. అది వేసుకునే ముసలమ్మలు పోతే, ఆ కుట్టుకూడ పోతుంది. వీలుంటే ఒకరి పక్కన ఒక సాయంత్రము కూర్చోండి.

పేలికలు ఆరవేసిన ఆ చిక్కుడు పందిరి గురించి చెప్పలేదు. బోర్డింగుకు పెరడు పెద్దదే, నేల మాత్రము ఎర్ర చల్క. వాన కురిసిన మూడోనాటికి గట్టిపడుతుంది. మన జిల్లాలలో ఏడాదికి ఆరేడు వందల మిల్లీమీటర్ల వాన, అదీ నాలుగు నెలలలో. మిగతా ఎనిమిది నెలలు కూరలు కావాలంటే వాడిన నీళ్ళే దిక్కు. లెక్క వేయండి. పిల్లకు ఒక చిన్న బకెట్టు, 12 లీటర్లు అనుకోండి, 64 మందికి రోజుకు 750 లీటర్లు దాటినవి. అదంతా జాలారినుండి వీధిలోకి పోయి బురద అయ్యేది. మేము కాలువ తీసి పెరటిలోకి మళ్ళించినాము. సబ్బునీళ్ళు నేరుగా వంకాయ మొదటికి పోనీయకుండా, ముందు అరటి, చేమ ఉన్న గుంటలోకి పోనిచ్చి, అక్కడ దిగినాక మిగతా మళ్ళకు. బియ్యము, పప్పు కడిగిన నీళ్ళు వేరే, అవి ఆకుకూరలకు. పెంట, బూడిద, ఎండుటాకులు ఎక్కువ వేసినకొద్ది చల్క నేల నీళ్ళు పట్టి ఉంచుతుంది. అది రెండేండ్ల పని, రెండు నెలల పని కాదు. మొదటి ఏడు కాయలు లేవని చాలామంది మానుకుంటారు.

తోటకూర, పుంటికూర, బచ్చలి ఎప్పుడూ ఉండేవి. గంగవాయిలి కూర ఎవరూ వేయకుండానే వచ్చేది, దానిని పీకి పారేయవద్దని పిల్లలకు చెప్పేదానిని. బీర, సొర వానకాలానికి. చిక్కుడు సంగతి వేరు. మృగశిరలో పెట్టినా, ఆరుద్రలో పెట్టినా నాటు చిక్కుడు తొందరపడదు. పొద్దు తగ్గి చలి తగిలితే గాని పూయదు. సంక్రాంతి నాటికి కోసినకొద్దీ కాస్తుంది. పేనుబంక పడితే తెల్లవారి మంచుమీద పొయ్యిబూడిద చల్లితే చాలావరకు ఆగుతుంది.

ఇందులో ఒక దుఃఖము ఉన్నది. చిక్కుడు కాసే కాలము, మనవాళ్ళు వలసలో ఉండే కాలము ఒక్కటే. వానకాలములో ఇంట్లో ఉండి విత్తనము పెట్టినవారు కాయ తినరు. తినేది ఇంట్లో మిగిలిన ముసలివారు. అందుకే ఆ నాయనమ్మ కొంగున చిక్కుడుకాయలు ఉన్నవి. ఇంట్లో ఆమె ఒక్కతే, కాయ మాత్రము గంపెడు. బొంతను మూట కట్టి తీసుకొని పోవచ్చును, పందిరిని తీసుకొనిపోలేము. మొదటి రాజుల గ్రంథములో అహాబు రాజు నాబోతు ద్రాక్షతోటను అడిగినది దేనికో మీకు జ్ఞాపకమున్నదా? కూరతోట వేసుకోవడానికి. రాజుకే ఇంటి పక్కన కూరలు కావలసి వచ్చినవి, దానికోసము ఒక మనిషి ప్రాణము పోయింది. ఇంటి పక్కన కూరమడి చిన్న సంగతి అని నాతో ఎవరైనా అంటే ఈ కథ గుర్తు చేస్తాను.

1980లలో నేను నల్లగొండ జిల్లాకు, మునుగోడు, మర్రిగూడెము వైపు వచ్చినాను. అక్కడ నీటి సంగతి ఇంకొక రకము. నీళ్ళు ఉన్నా విషమే. ఫ్లోరైడు. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన హద్దును మన బోరుబావులు ఎన్నో రెట్లు దాటినవి. పండ్లు గారపట్టుట, నడుము వంగుట, మోకాళ్ళు పట్టుట ఆ ప్రాంతములో మీలో చాలామంది ఇండ్లలో చూసినదే. 1970లలో హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థవారు మన జిల్లా పిల్లల మోకాళ్ళు లోపలికి వంగి ఒకదానినొకటి ఒరుసుకోవడము గమనించి వైద్య పత్రికలలో వ్రాసినారు. పటిక, సున్నము కలిపి ఫ్లోరైడు తీసే పద్ధతిని నాగపూరు నీరీ సంస్థవారు కనిపెట్టితే దానికి లోకమంతటా "నల్లగొండ టెక్నిక్" అని పేరు వచ్చింది. మన ఊరి పేరు ఇతర దేశముల పుస్తకములలో ఎక్కిన తీరు అది.

మా పక్కింటిలో ఒక పెద్దమ్మ ఉండేది, నాకంటె పదిహేనేండ్లు పెద్ద. మెడ, వెన్ను కర్ర లాగ బిగిసినవి. తల దించలేదు. బొంత కుట్టేవారు తల దించకుండా ఎట్లా కుట్టుతారు? ఆమె బొంతను దండెముమీద వేసి, తన రొమ్ము ఎత్తుకు సరిచేసుకొని, నిలబడి కుట్టేది. కూర్చుంటే లేవడము కష్టము గనుక గంటలు నిలబడే ఉండేది. కుట్టు వంకరగా పోయేది, ఆ సంగతి ఆమెకూ తెలుసు. పెరటిలో వంగి కలుపు తీయలేదు గనుక నడుము ఎత్తున మట్టి గట్టు కట్టించుకొని దానిమీద తోటకూర, మెంతికూర వేసుకున్నది. ఇప్పుడు పట్నములలో మేడలమీద ఎత్తు తొట్టెలలో కూరలు వేస్తూ కొత్త పద్ధతి అంటున్నారు. ఆ పెద్దమ్మ నొప్పితో కనిపెట్టుకున్నది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. కూరలు తింటే ఫ్లోరైడు జబ్బు పోతుందని ఎవరైనా అంటే నమ్మకండి. బిగిసిన ఎముక తిరిగి రాదు. నీరు మారాలి, అంతే. అయితే పాలు, ఆకుకూరలు, పుల్లని పండ్లు తినేవారి ఒంటికి దానిని తట్టుకునే బలము కొంత ఎక్కువ. చింతపండు సంగతి మన శాస్త్రవేత్తలే పరీక్షించినారు. బడిపిల్లలకు రోజుకు 10 గ్రాముల చింతపండు పెట్టి చూస్తే మూత్రములో ఎక్కువ ఫ్లోరైడు బయటికి పోయిందని 2002లో ప్రచురించినారు. మన పచ్చిపులుసు, మన చింతచిగురు పప్పు ఊరికే పుట్టలేదేమో అనిపిస్తుంది నాకు. కాని ఇది మందు కాదు.

2016లో మిషన్ భగీరథ ప్రారంభమైన తరువాత కృష్ణ నీళ్ళు గొట్టాలలో ఆ ఊళ్ళకు వచ్చినవి. ఆ పెద్దమ్మ అప్పటికి లేదు. వచ్చిన నీళ్ళను తాగడానికి, వంటకు వాడండి. పాత బోరు నీళ్ళు రుచిగా ఉన్నవని, బలముగా ఉన్నవని ఇంకా తాగే ముసలివారు ఉన్నారు. ఇంట్లో ఉన్న కోడళ్ళు ఆ సంగతి చూసుకోవాలి. కోడలు చెపితే వినరు, నాకు తెలుసు, మనుమరాలితో చెప్పించండి.

ఇప్పుడు మొదట అన్న మాటకు వస్తాను, మూడూ ఒకే పని అని. విప్పిన ఊలు, చిరిగిన చీర, వాడిన నీళ్ళు. మిగిలిపోయినదానిని ఇంకొకసారి పనికి పెట్టడము. దీనికి డబ్బు అక్కరలేదు, ఒక చోట నిలిచి ఉండడము కావాలి. ఏడాది పొడుగునా ఒక ఇంట్లో ఉండే భాగ్యము లేనివారిని "ఏమమ్మా, పెరడు ఎందుకు వేసుకోలేదు" అని అడిగే హక్కు మనకు లేదు. మన సమాజపు రిపోర్టులలో పెరడు లేని ఇండ్ల లెక్క వ్రాస్తున్నాము, ఎందుకు లేదో వ్రాసే గడి ఆ ఫారములో లేదు. వచ్చే ఏడు అచ్చు వేయించేటప్పుడు ఆ గడి పెట్టించండని కార్యదర్శిగారిని అందరిముందు అడుగుతున్నాను.

ఆ పిల్ల సంగతి చాలామంది అడుగుతారు గనుక చెపుతాను. నర్సు ట్రెయినింగు చేసింది, ఉద్యోగము చేసి రిటైరు అయింది. కొన్ని ఏండ్ల క్రిందట వారి ఇంటికి పోయినాను. లోపలి గదిలో మంచముమీద మడిచిన బొంత ఒకటి ఉన్నది, పైన వేరే కొత్త చీర వేసి కుట్టినది. లోపల ఏమున్నదో నేను అడగలేదు. ఆమె టీ పెట్టింది, చిక్కుడుకాయ కూరతో అన్నము పెట్టింది. బోర్డింగు సంగతులు ఎన్నో మాట్లాడుకున్నాము. ఆ సంగతి మాత్రము ఇద్దరమూ ఎత్తలేదు.

చివరగా రెండు ప్రకటనలు. మధ్యాహ్నము భోజనమైనాక వెనుక షెడ్డులో బొంత కుట్టడము చూపిస్తాను. పాత నూలు చీర ఉన్నవారు తెచ్చుకోండి, పాలిస్టరు తేవద్దు. సూదులు నా దగ్గర పన్నెండు ఉన్నవి, వాడినవారు దయచేసి తిరిగి ఇవ్వవలెను, పోయినసారి తొమ్మిదే వచ్చినవి. నాటు చిక్కుడు గింజలు కాగితపు పొట్లాలలో కట్టి తెచ్చినాను, తెల్లవి, నల్లవి రెండు రకములు. ఇంటికి పది గింజలకంటె ఎక్కువ తీసుకోకండి, అందరికీ రావాలి.